గడప దాటిన వైద్యవిద్య

బోధనాసుపత్రి జనరల్ మెడిసిన్ వార్డులో మూడవ సంవత్సరపు విద్యార్థి రోగిచరిత్ర వ్రాయు తీరు గమనింపదగినది. ప్రధానబాధ యేది, ఎన్నాళ్ళనుండి, జ్వరము చలితో వచ్చునా, తల్లిదండ్రులలో ఎవరికైన చక్కెరవ్యాధి కలదా అని క్రమము తప్పక అడిగి, తుదకు కాగితము అడుగుననున్న సామాజికార్థిక స్థితి యను శీర్షికకు వచ్చి, ఇంటి యజమాని చదువెంత, పని యేమి, నెలరాబడి యెంత అని మూడు ప్రశ్నలు వేసి, కుప్పుస్వామి 1976లో కూర్చిన కొలమానము ననుసరించి అంకెలు కూడి, రోగి పల్లెవాడైనచో 1961 నాటి బి.జి. ప్రసాద్ పట్టికను తిరుగవేసి, ‘నాలుగవ తరగతి’ అని వ్రాసి, స్టెతస్కోపు చేతబట్టును. ఆ నాలుగవ తరగతికిని, ఎదుట పడకమీది మనుష్యుని దగ్గుకును గల సంబంధమేమో అతని నెవ్వరును అడుగరు. రౌండ్సుకు వచ్చిన ప్రొఫెసరుగారు ప్లీహము ఎన్ని వేళ్ళు తగులుచున్నదని అడుగుదురే కాని, ఈతడు మంచమెక్కిన దినముల కూలి ఆ యింటికి ఎట్లు సమకూరుచున్నదని అడుగుట మిక్కిలి అరుదు.

మందుచీటీమీద ‘దినమునకు మూడుమారులు, భోజనానంతరము’ అని వ్రాయుచున్నప్పుడు ఆ యింట మూడుపూటల వంట కలదని మనము నిశ్చయించుకొనియే వ్రాయుచున్నాము. ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్‌లో పెట్టుకొమ్మని చెప్పి పంపునప్పుడు ఫ్రిజ్ ఉన్నదో లేదో అడుగుట మరచుచున్నాము. ఫ్రిజ్ లేని యిల్లాలు, ఏ నర్సమ్మయో దయతలచి చెప్పియుండిన పక్షమున, కొత్తకుండలో తడియిసుక పోసి, నడుమ చిన్న ముంతను కుదురుకొలిపి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంతలో నుంచి మూతవేసి, గాలి యాడు నీడపట్టున నిలుపుకొని, ఇసుక ఆరకుండ పూటపూటకును నీళ్ళు చిలుకరించుచుండును. నడివేసవిలో సైతము ఆ ముంతలోపలి వేడిమి బయటికంటె స్పష్టముగా తక్కువ. నర్సమ్మ చెప్పనినాడు మందు ఎండవేడికి సత్తువ కోల్పోవును. రోగి మరల ఆసుపత్రికి వచ్చును. చెప్పినట్లు వినడని కేసుషీటులో వ్రాయబడును.

ఈ కొరతను మనవా రెఱుగకపోలేదు. 1943లో నియుక్తమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము, విద్యార్థికి నివారక, సామాజిక వైద్యమున మూడు మాసముల శిక్షణ యుండవలెననియు, కళాశాలనుండి వెలువడువాడు సాంఘిక వైద్యుడు కావలెననియు స్వాతంత్ర్యమునకు పూర్వమే చెప్పియున్నది. మాట చెల్లినది, ప్రతి కళాశాలలోను ఆ శాస్త్రమునకొక విభాగము, విభాగమున కొక ఆచార్యుడు అమరిరి. అయితే ఇండ్ల వాకిళ్ళలో నేర్వవలసిన విద్య క్రమముగా పార్కుగారి లావుపాటి పాఠ్యపుస్తకములోనికి చేరి, పరీక్షకు ముందురాత్రి గీతలు గీచి చదువుకొను సరకైనది. 1977లో కేంద్రప్రభుత్వము రోమ్ అను పేర నొక పథకమును తెచ్చి, కళాశాలకు మూడు బ్లాకుల చొప్పున అప్పగించి, ఆచార్యులను పల్లెలకు మరలింప జూచినది. అదియు కొన్నేండ్లకు చల్లబడినది.

చల్లబడని ప్రయత్న మొకటి వార్ధా చెంత కలదు. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, గాంధీజీకి వైద్యురాలుగా నుండి పిమ్మట కేంద్ర ఆరోగ్యమంత్రిణియైన డాక్టర్ సుశీలా నయ్యర్ సేవాగ్రామమున స్థాపించిన వైద్యవిజ్ఞానసంస్థలో, చేరిన విద్యార్థులు ముందుగా ఆశ్రమమున కొన్నాళ్ళు వసించి, పిమ్మట తమ బ్యాచికి ఒక గ్రామమును దత్తు తీసుకొని, శిబిరము వేసి అచ్చటనే యుండి, ఒక్కొక్కరు కొన్ని యిండ్లను తమవిగా చేసికొని, చదువు సాగుచుండగా మరల మరల ఆ యిండ్లకే పోవుచుందురు. ఖద్దరు కట్టించుట, ప్రార్థనకు కూర్చుండబెట్టుట మొదలగువానిని గూర్చి ఎవరి యభిప్రాయము వారికుండవచ్చును. నాకు ముఖ్యముగా తోచినది ఆ మరల పోవుటయే. మొదటిసారి వచ్చిన తెల్లకోటుకు ఇంటివారు మర్యాదైన జవాబులే చెప్పుదురు: మాత్రలు వేసికొనుచున్నాము, మరుగుదొడ్డి వాడుచున్నాము, అంతయు బాగుగనే యున్నది. నాలుగవసారికి గాని, భార్యకు వ్రాసిన బీపీ మాత్రలను మగడును పంచుకొని మ్రింగుచున్నాడనియు, మరుగుదొడ్డిలో కట్టెలు పేర్చియున్నవనియు, కోడలు అందరును తినగా మిగిలినదే తినుచున్నదనియు బయటపడదు.

విద్యార్థిదశలో చూచినది ఎంతదూరము ఫలించునో చెప్పుటకు అమెరికా వైద్యుడు జాక్ గైగర్ వృత్తాంతమును మించినది నాకు కనబడలేదు. దక్షిణాఫ్రికాలో నాటాల్ ప్రాంతపు పొలేలా అను పేదసీమలో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ దంపతులు 1940లో ఒక ఆరోగ్యకేంద్రమును తెరచి, రోగులకు మందులిచ్చుటతో ఆగక, ఇంటింటికి పోయి జాబితాలు వ్రాసి, పెరటి కూరగాయలు పండించుట నేర్పి, మరుగుదొడ్లు కట్టించుచుండిరి. 1957లో, ఇంకను విద్యార్థిగా నున్న గైగర్ అచ్చటికి పోయి వారి చెంత కొన్ని మాసములు పనిచేసెను. స్వదేశమునకు మరలిన కొన్నేండ్లకు, మిసిసిపీ రాష్ట్రపు పత్తిసీమలో, పూర్వపు బానిసలు 1887లో తామై కట్టుకొన్న మౌండ్ బాయూ పట్టణమున, టఫ్ట్స్ విశ్వవిద్యాలయము పక్షమున, ప్రభుత్వధనముతో, ఆయన కొందరు సహచరులతో కలసి ఒక ఆరోగ్యకేంద్రమును నెలకొల్పెను.

అచ్చటికి వచ్చు నల్లజాతి పసిబిడ్డలలో పలువురికి వ్యాధి పేరు ఆకలి. పత్తిచేలలో యంత్రములు దిగి కూలిపని పోయిన యిండ్లు అవి. డాక్టర్లు మందుచీటీలమీద పాలు, మాంసము, కాయగూరలు ఇంతింత అని వ్రాసి, ఊరి కిరాణాకొట్లకు పంపి, ఆ బిల్లులను కేంద్రపు ఔషధనిధినుండి చెల్లించిరి. సంగతి రాజధానికి తెలిసి, ఔషధనిధి ఔషధములకేనని ఒక అధికారి ఆక్షేపింపగా, పోషకాహారలోపమునకు వైద్యగ్రంథములు చెప్పు ఔషధము ఆహారమే గదా అని గైగర్ బదులు చెప్పెనట. అధికారికి మరుమాట తోచలేదు. చీటీలతో ఆగక వారు బావులు త్రవ్వించిరి, మరుగుదొడ్లు కట్టించిరి, కూలీల చేతనే కూరగాయలు పండించు సహకారక్షేత్రమును నడిపించిరి. పొలేలాలో చూచినదే ఇచ్చటికి వచ్చినది.

ఆహారము ఔషధమన్న మాట దయాధర్మపు మాట యని త్రోసివేయువారికి జార్ఖండ్ పరిశోధన సమాధానము చెప్పుచున్నది. ఆ రాష్ట్రపు నాలుగు జిల్లాలలో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ ప్రభృతులు 2019 మొదలు 2022 వరకు 2,800 మంది క్షయరోగులను, వారి యిండ్లలోని 10,345 మందిని వెంబడించిరి. రోగులందరికిని ఆహారపుమూట ముట్టినది. కుటుంబములలో మాత్రము ఒక భాగమువారికి బియ్యము, పప్పు, విటమినులు నెలనెల అందినవి. అందిన యిండ్లలో క్రొత్తగా క్షయ తగులుకొనుట 39 శాతము, కఫపరీక్షలో రుజువైన ఊపిరితిత్తుల క్షయ 48 శాతము తగ్గినవని 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. క్షయరోగి బ్యాంకుఖాతాకు నెలకు ఐదువందల రూపాయలు వేయు నిక్షయ్ పోషణ్ యోజన 2018లోనే మొదలైనది. 2024 నవంబరునుండి అది వేయి రూపాయలైనది. మందుల వరుస తడువుకొనకుండ అప్పగించు హౌస్‌సర్జను, ఆ వేయిరూపాయలు తన రోగి ఖాతాలో పడినవో లేదో అడిగి తెలిసికొనుటయు చికిత్సలో భాగమేయని ఎఱుగవలెను.

2021-22లో చేరిన బ్యాచినుండి దేశమంతటను వైద్యవిద్యార్థులు కుటుంబములను దత్తు తీసికొను కార్యక్రమమును జాతీయ వైద్యకమిషన్ ప్రవేశపెట్టినది. అనాటమీ హాలులో శవమును మాత్రమే చూచిన మొదటి సంవత్సరపు పిల్లవాడు కాలేజీ బస్సు దిగి, ఆశా కార్యకర్త వెంట, బీపీ యంత్రమును లాగ్‌బుక్కును పట్టుకొని, సందులోనికి నడచును. ఉద్దేశము మెచ్చదగినది, సేవాగ్రామమున నడచిన పద్ధతి తెలుగునాట ప్రతి కళాశాలకును వచ్చినది. కాని లాగ్‌బుక్కు నిండినంతమాత్రమున పని నెరవేరదు. అరుగుమీది ముసలమ్మ, “ఏం బాబూ, మొన్నొచ్చిన పిల్లలు కూడా ఇవే రాసుకుపోయారుగా, నా పింఛను సంగతేమన్నా తెలుసా?” అని అడిగినప్పుడు, బీపీ అంకె తప్ప వేరొకటి చేతలేని విద్యార్థి నవ్వి ఊరకుండును. ప్రశ్నలడిగి, వినిన జవాబునకు ఏమియు చేయలేక మరలివచ్చుట నాలుగైదు పర్యాయములు జరిగినచో, ఆ విద్యార్థికి అబ్బునది దయ కాదు, మొద్దుబారుట. బీదరికము తన శాస్త్రమునకు సంబంధింపని విషయమని అతడు అచ్చటనే నేర్చుకొనును. ఇది పంపకుండుటకంటె చేటు.

చేయదగినది లేకపోలేదు. ముసలమ్మ పింఛను వైకల్యపు పింఛనైనచో, దానికి మూలము వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమున డాక్టరు చేయు సంతకమే. నలువది శాతము వైకల్యమున్నదని ఆ కాగితము చెప్పినగాని తలుపు తెరువదు. ఎముకల విభాగమున కీలు వంపును డిగ్రీలలో కొలుచుట నేర్చు విద్యార్థికి, ఆ కొలత ఒక యింటి నెలసరి బియ్యమునకు కొలత యగునని చెప్పువారు లేరు. ఆ శిబిరపు స్లాటు మీసేవలో దొరకునో, మరెచ్చట దొరకునో అతనికి తెలియదు. ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్స ఖర్చు భరించును, మంచిదే. ఆపరేషన్ అయిన పిదప బరువెత్తరాదని చెప్పబడిన హమాలీ ఏమి తినవలెనో అందులో లేదు. దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతముల ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు పత్రికకెక్కించిరి. వంగిన వెన్నునకు మాత్ర లేదు, మంచినీటి గొట్టమే కావలెను. కాబట్టి ఆ గొట్టముకొరకు అంకెలతో అర్జీ వ్రాయగలుగుటయు వైద్యుని చదువులోనిదే.

వైద్యుడు తహసీల్దారు కాడు, ఇన్ని పనులు అతని నెత్తిన వేయుట న్యాయమా యని కొందరందురు. ఓపీలో మనిషికి రెండు నిముషములు దక్కని చోట ఆ మాటలో నిజమున్నది. అన్నియు అతడే చేయనక్కరలేదు. ఆసుపత్రిలో సోషల్ వర్కరు గది యేదో, ఊరి ఏఎన్ఎం ఫోను నంబరేదో తెలిసి, అటు పంపి, పని జరిగినదా యని మరుసటి వారము అడిగిన చాలును. పిల్లలు దీనిని పట్టించుకొనరని నిరాశపడువారికి నాదొక సూచన. పీజీ ప్రవేశపరీక్షను తలచుకొని బ్రతుకు పిల్లలు మార్కులు లేనిదానిని చదువరు; అది వారి తప్పు కాదు. తుదిపరీక్షలో లాంగ్ కేసు చెప్పి రోగనిర్ణయము చేసిన పిమ్మట, ఈ రోగి ఇంటికి పోయిన మూడవ వారమున మందు ఎక్కడ తెచ్చుకొనును, ఎవరి సొమ్ముతో తెచ్చుకొనును అని పరీక్షాధికారి అడిగి, దానికి పది మార్కులు పెట్టినచో, మరుసటి సంవత్సరమునకే సదరం దరఖాస్తు మొదలు కుండలోని ఇన్సులిన్ వరకు సర్వమును ముప్పది పుటల నోట్సుగా కూర్పబడి, హాస్టలు ఎదుటి జిరాక్సు దుకాణమున అమ్ముడుపోవును.