ట్రాక్టరుకు మెరుపు కావాలా? వెలుగు కావాలా?

దసరా నాడు ఖమ్మం పల్లెల్లో ట్రాక్టరు పెళ్లికొడుకులా ఉంటుంది. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. యాసంగి దమ్ములో దిగొచ్చాక అదే బండిని గుర్తుపట్టలేం. రేగడి బురద చక్రాల నుంచి లైట్ల దాకా గడ్డకట్టి ఉంటుంది.

"పొలం బండికి సోకులెందుకు?" అంటారు కొందరు. "రేపు అమ్ముకోవాల్సొస్తే నిగనిగలాడే బండికే నాలుగు డబ్బులెక్కువ" అంటారు ఇంకొందరు. రెండూ యజమాని లెక్కలే. ఆ బండెక్కి కూలికి పోయేవాళ్ల లెక్క ఏమిటి?

రంగు మీద దుమ్ము ఎవరినీ చంపదు. కానీ రేడియేటరు జాలీలో పొట్టు ఇరుక్కుంటే గాలి ఆడక ఇంజను కాగిపోతుంది. ఎయిర్ క్లీనరు మూసుకుపోతే నల్లపొగ చిమ్ముతూ డీజిలు తాగుతుంది. పెడలు మీద బురద ఉంటే కాలు జారుతుంది. దమ్ములో విడివిడిగా తొక్కే రెండు బ్రేకుల్ని రోడ్డెక్కే ముందు కొక్కెంతో కలపాలి. కలపకుండా వేగంలో ఒకటే తొక్కితే బండి పక్కకు లాగి బోల్తా కొడుతుంది.

మిరప కోతలకు భద్రాచలం అడవి పల్లెల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. చీకటితో పోయి చీకటి పడ్డాక తిరిగొస్తారు. ట్రాలీ వెనక ఎర్రబిళ్లలు బురదలో కప్పుకుపోతే అడవి రోడ్డులో వెనకొచ్చే లారీకి ముందు బండి ఉన్నట్టే తెలియదు.

2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడకూలీలే. అది బురద వల్ల జరిగిందని కాదు. చట్టం ప్రకారం ట్రాలీ సరుకులకే, మనుషులకు కాదు. కానీ బస్సు రాని ఊళ్లో కూలీకి వేరే దారేది? అందుకే బస్సు కోసం అడగాలి. బస్సు వచ్చేదాకా బండి సంగతీ అడగాలి.

మరి కడిగేదెవరు? పొద్దుగూకేదాకా దున్నిన డ్రైవరే, లేదా జీతగాడే. ఆ గంట ఏ కూలి లెక్కలోకీ రాదు. పైగా మిరపకు మందు కొట్టిన బండిని తీసుకుపోయి వాగులో దింపుతారు. మందు నీళ్లలో కలిసి చేపలు చస్తాయి. దిగువన గూడెం ఆడవాళ్లు ఆ వాగు ఇసుకలోనే చెలమ తీసి మంచినీళ్లు ముంచుకుంటారు. మందు బండిని నీటికి దూరంగా, చేను గట్టునే కడగాలి. కడిగేవాడి చేతులకు తొడుగులు యజమానే కొనివ్వాలి. ఆ గంటకు కూలి కట్టాలి.

బండి మెరవనక్కర్లేదు. లైటు వెలగాలి, ఎర్రబిళ్ల కనపడాలి, బ్రేకు పడాలి. రేపు ట్రాలీ ఎక్కే ముందు అందరూ కలిసి ఒక్కమాట అడగండి: "ఏం తమ్ముడూ, యెనక బిళ్ల తుడిచినవా?" తుడిచేదాకా ఎవరూ ఎక్కొద్దు.