చిన్న చిప్పలు.. పెద్ద లెక్కలు
ప్రాణహిత తీర శిలల్లో ఆవగింజకన్నా చిన్న శిలాజాలు
ఆకార మార్పును తేల్చేది గణాంక శాస్త్రమే

మంచిర్యాల: ప్రాణహిత తీరమనగానే రాక్షసబల్లులే గుర్తుకు వస్తాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి వద్ద భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వెలికితీసిన ఎముకలకు 1988లో పి.యాదగిరి 'కోటసారస్ యామనపల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో కొలువుదీరింది. అయితే అవే కోట శిలల్లోని సున్నపురాయిలో ఆస్ట్రాకాడ్‌ల చిప్పలు ఉన్నాయన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. రొయ్యలు, పీతల వర్గానికి చెందిన ఈ జీవులు రెండు చిప్పల నడుమ నివసిస్తాయి.

ఎముకలు అరుదుగా లభిస్తాయి. చిప్పలు గుప్పెడు రాతిలో వందల కొద్దీ దొరకవచ్చు. పరిణామాన్ని కొలవాలంటే ఈ సంఖ్యే కీలకం. కొనుగోలు కేంద్రంలో ఒక్క గింజను చూసి బస్తా నాణ్యతను నిర్ణయించరు కదా! అలాగే ఒక్క చిప్పను చూసి జాతి మారిందని చెప్పడానికి వీల్లేదు.

కొలిచేదెలా?

కింది పొర నుంచి పై పొర వరకు వరుస తప్పకుండా నమూనాలు సేకరిస్తారు. రాతిని మెత్తబరచి, జల్లెడ పట్టి, చిప్పలను సూక్ష్మదర్శిని కింద చిత్రీకరిస్తారు. పొడవు, ఎత్తు, అంచు వంపులను అంకెలుగా మారుస్తారు. ఇక్కడొక చిక్కుంది. ఆస్ట్రాకాడ్ పెరిగే క్రమంలో సుమారు ఎనిమిదిసార్లు చిప్పను విడుస్తుంది. పిల్ల చిప్పను పెద్దదానితో పోలిస్తే లేని పరిణామం ఉన్నట్లు కనిపిస్తుంది. అందుకే ఎదిగిన వాటినే పోల్చుతారు. ఒకే పొరలోని చిప్పల మధ్య ఉండే తేడా కన్నా పొరల సగటుల మధ్య తేడా స్పష్టంగా ఎక్కువైతేనే మార్పుగా పరిగణిస్తారు.

అంతటితో తేలిపోదు. నాణేన్ని పదేపదే ఎగరేసినా కొంతసేపు వరుసగా బొమ్మలే పడవచ్చు. అమెరికా శాస్త్రవేత్త జీన్ హంట్ 2007లో 250కి పైగా శిలాజ వరుసలను పరిశీలించగా, ఒకే దిశగా సాగిన మార్పు దాదాపు 5 శాతం వాటిలోనే కనిపించింది. మిగిలినవి దిశ లేకుండా అటూఇటూ ఊగాయి లేదా ఉన్నచోటే నిలిచాయి.

హిందూ మహాసముద్ర గర్భం నుంచి తీసిన మట్టిలో గ్లోబోరోటాలియా టుమిడా అనే ఏకకణ జీవి వంశక్రమాన్ని మాల్మ్‌గ్రెన్ బృందం 1983లో ఇలాగే కొలిచింది. కోటి ఏళ్ల చరిత్రలో ప్రధాన మార్పు సుమారు 6 లక్షల ఏళ్లలోనే జరిగినట్లు వెల్లడైంది. భూగర్భ కాలమానంలో అది రెప్పపాటే.

పొర చెదిరితే..

ఈ లెక్కలన్నిటికీ ఆధారం పొరల వరుస. విడిగా దొరికిన ఎముకను కనీసం ప్రదర్శనకైనా ఉంచవచ్చు. ఏ పొరదో గుర్తు లేకుండా తవ్వి తెచ్చిన రాతిలోని చిప్పలు మాత్రం ఇటువంటి లెక్కకు పనికిరావు. గోదావరి లోయ బొగ్గు క్షేత్రాల్లో బోర్ల ద్వారా తీసిన రాతి కడ్డీలకు లోతు నమోదై ఉంటుంది. అందువల్లనే లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు వాటిలోని పుప్పొడి, సిద్ధబీజాల శిలాజాల ఆధారంగా పొరల వయసును అంచనా వేయగలిగారు. అక్కడ ఆకారం కన్నా, ఏ రకం ఎంత శాతం ఉందన్న లెక్కకే ప్రాధాన్యం.