రైల్లో ఫ్లష్ నొక్కాక ఏమవుతుంది? మీరు పడేసిన ఆ ఒక్క డైపర్‌ని తీసేది ఎవరో తెలుసా?

శుక్రవారం రాత్రి లింగంపల్లి స్టేషన్ చూశారా? భుజాన ల్యాప్‌టాప్ బ్యాగ్, చేతిలో బిర్యానీ పార్శిల్. గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ ఆఫీసుల నుంచి సగం మంది ఇక్కడే కనిపిస్తారు. గౌతమి ఎక్కేవాళ్లు కొందరు, నర్సాపూర్ బండి ఎక్కేవాళ్లు కొందరు. తెల్లారేసరికి గోదావరి జిల్లాల్లో ఉంటారు.

కానీ తెల్లారుజామున లేచి టాయిలెట్ దగ్గరికి వెళ్తే... నీళ్లు నిండి పొర్లుతున్న కమోడ్! "రైల్వే వాళ్లు శుభ్రం చేయరు" అని తిట్టుకుని పక్క బోగీకి వెళ్తాం. చాలాసార్లు అసలు కారణం మాత్రం మనలాంటి ప్రయాణికుడే. ఎలాగో చూద్దాం.

కమోడ్ కింద ఏముంది?

ఒకప్పుడు రైల్లో టాయిలెట్ అంటే పట్టాల మీదికి తెరిచిన గొట్టమే. ఎక్కడ ఫ్లష్ చేస్తే అక్కడే పడేది. పట్టాలు తుప్పు పట్టేవి. ట్రాక్ పనివాళ్లు ఆ మురికిలోనే పని చేయాల్సి వచ్చేది.

దీనికి పరిష్కారంగా వచ్చిందే బయో టాయిలెట్. డీఆర్‌డీవోతో కలిసి రైల్వే దీన్ని తయారు చేసింది. 2011లో గ్వాలియర్-వారణాసి మధ్య నడిచే బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో మొదట పెట్టారు. ఇప్పుడు దేశంలోని ప్యాసింజర్ బోగీలన్నింటిలో దాదాపు ఇవే.

కమోడ్ కింద ఒక స్టీల్ ట్యాంక్ ఉంటుంది. అందులో గాలి అవసరం లేని బ్యాక్టీరియా ఉంటుంది. మలాన్ని తినేసి నీరుగా, గ్యాస్‌గా మార్చేయడమే దాని పని. ఆ నీటికి క్లోరిన్ తగిలాకే బయటికి వదులుతారు. అంటే మన బోగీ కింద ఒక చిన్న సెప్టిక్ ట్యాంక్ ప్రయాణం చేస్తోందన్నమాట.

మరి ఎక్కడ తేడా కొడుతోంది?

కమోడ్‌కి, ట్యాంక్‌కి మధ్య వంపు తిరిగిన గొట్టం ఉంటుంది. అందులో నీళ్లు నిలిచి ఉండటం వల్లే వాసన పైకి రాదు. వాటర్ బాటిల్, టీ కప్పు, శానిటరీ ప్యాడ్, డైపర్, గుట్కా ప్యాకెట్ ఏది వేసినా ఆ వంపు దగ్గరే ఇరుక్కుంటుంది. ఒకవేళ జారి ట్యాంక్‌లో పడినా ప్లాస్టిక్‌ని బ్యాక్టీరియా తినలేదు. అది అక్కడే ఉండిపోతుంది.

2017లో కాగ్ ఇచ్చిన నివేదిక చూస్తే విషయం అర్థమవుతుంది. 2016-17లో సుమారు 25 వేల బయో టాయిలెట్లను పరిశీలిస్తే దాదాపు 2 లక్షల లోపాలు బయటపడ్డాయి. అందులో సగానికి పైగా చోకింగ్ ఫిర్యాదులే! డస్ట్‌బిన్లు, మగ్గులు లేకపోవడం కూడా ఆ లిస్టులో ఉంది. అంటే తప్పు అంతా జనానిదే అని కూడా అనలేం. డబ్బా లేకపోతే ఎక్కడ వేస్తారు?

తీసేది ఎవరు?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఇరుక్కున్నదాన్ని తీసే బ్యాక్టీరియా లేదు. బండి డిపోకి చేరాక ఒక మనిషి ఆ వాల్వ్ విప్పి, దాన్ని బయటికి లాగాలి. పైన నిలిచిన మురుగు ఎక్కడ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. మనిషి మలాన్ని మనిషి ఎత్తే పనిని 2013 చట్టం నిషేధించింది. మనం పడేసే ఒక్క ప్యాడ్ ఆ పనిని మళ్లీ అతని చేతిలో పెడుతోంది.

అమెరికాలో ఉన్న మనోళ్లు సెలవుల్లో ఆర్వీ, అంటే చక్రాల మీద ఇల్లు, అద్దెకు తీసుకుంటారు కదా. దాని కింద కూడా ట్యాంకులే. సింక్, షవర్ నీళ్లకి గ్రే ట్యాంక్. టాయిలెట్‌కి బ్లాక్ ట్యాంక్. నిండాక డంప్ స్టేషన్‌లో పైపు తగిలించి, ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి. ఆ నీళ్లకి పైపు కూడా కడిగినట్టు అవుతుంది. ఈ పని చేయాల్సింది ఎవరో కాదు, అద్దెకు తీసుకున్నవాళ్లే. అందుకే ఆ బండిలో డైపర్ కమోడ్‌లో వేయాలంటే ఎవరికైనా భయమే. ఇక్కడ ఆ భయం లేదు, ఎందుకంటే తీసేవాడు మనకి కనిపించడు.

వందేభారత్‌లో ఇంకా జాగ్రత్త

2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందేభారత్‌లో ఉన్నవి వ్యాక్యూమ్ టాయిలెట్లు. విమానంలో లాగా 'షూ'మని లాగేస్తాయి. నీళ్లు చాలా తక్కువ పడతాయి. మరీ బాటిల్ మూతలు, ప్యాడ్లు వేస్తే అంతే సంగతులు.

ఇవి గుర్తు పెట్టుకోండి

- ప్యాడ్, డైపర్ పేపర్‌లో చుట్టి డస్ట్‌బిన్‌లోనే వేయండి. డబ్బా లేకపోతే కవర్‌లో పెట్టి, తర్వాత స్టేషన్‌లో వేయండి.
- వాసన వస్తోందని ఫినాయిల్, యాసిడ్ పోయొద్దు. బ్యాక్టీరియా చచ్చిపోతుంది.
- వాడాక ఫ్లష్ తప్పనిసరి.
- జామ్ అయినట్టు కనిపిస్తే ఇంకా నీళ్లు పోయొద్దు. రైల్ మదద్ యాప్‌లోగానీ, 139కి గానీ పీఎన్ఆర్‌తో ఫిర్యాదు చేయండి.
- పిల్లలతో వెళ్తుంటే బ్యాగ్‌లో రెండు ఖాళీ కవర్లు ఎక్కువ పెట్టుకోండి.

ఈసారి లింగంపల్లిలో బండి ఎక్కేటప్పుడు బిర్యానీతో పాటు ఆ రెండు కవర్లు కూడా మర్చిపోకండి. డిపోలో ఒక మనిషికి ఒక పూట నరకం తప్పుతుంది.