కళాశాలలో చేరకముందే అందరికీ ఒకే పుస్తకం

ఇంటర్‌ పరీక్షలు ముగిసిన తర్వాత మన విద్యార్థికి దాదాపు రెండు నెలలు ఖాళీ. ప్రవేశ పరీక్ష, ర్యాంకు, సీటు.. ఇంట్లో మాటలన్నీ వాటి చుట్టూనే. చేరబోయే కళాశాల ఆ సెలవుల్లో ఒక పుస్తకం చదివి రమ్మనడం మన జిల్లాలో ఎవరూ విని ఉండరు. అమెరికాలో పలు విశ్వవిద్యాలయాలు డిగ్రీ తొలి సంవత్సరంలో చేరేవారిని ఇలాగే అడుగుతాయి.

కొత్తవారందరికీ ఒకే పుస్తకాన్ని ముందే సూచిస్తారు. తరగతులు మొదలయ్యే వేళ చిన్న బృందాలుగా కూర్చోబెట్టి చర్చ నడుపుతారు. సాధారణంగా మార్కులుండవు. ఊరు, భాష, చదవబోయే శాఖ వేరైనా మొదటి రోజు మాట్లాడుకోవడానికి అందరికీ ఒక విషయం ఉండాలన్నదే ఉద్దేశం. ఎమ్మెస్‌కు వెళ్లే మన పిల్లలకు ఇది ఎదురుకాదు. రాలీ, కేరీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడే డిగ్రీలో చేరుతున్నందున ఈ పద్ధతి గురించి తెలుసుకోవడం అవసరం.

ఆ ప్రాంతానికి చేరువలోని చాపెల్‌హిల్‌లో ఉన్న నార్త్‌ కరోలినా విశ్వవిద్యాలయం ఈ పఠనాన్ని 1999లో ప్రారంభించింది. 2002లో మైకేల్‌ సెల్స్‌ రచించిన ‘అప్రోచింగ్‌ ది ఖురాన్‌’ను ఎంపిక చేసింది. ఖురాన్‌లోని తొలినాటి సూరాలకు అనువాదం, వ్యాఖ్యానం ఉన్న గ్రంథమది. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఒక మతాన్ని బోధిస్తోందంటూ ఒక క్రైస్తవ సంస్థ మద్దతుతో కొందరు విద్యార్థులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. రాష్ట్ర శాసనసభలోనూ నిధుల కోతకు ప్రయత్నాలు జరిగాయి.

విశ్వవిద్యాలయం పుస్తకాన్ని మార్చలేదు. అభ్యంతరం ఉన్నవారు చదవనక్కర్లేదని, ఎందుకు చదవదలచుకోలేదో ఒక పుటలో రాసి తెస్తే చాలునని వెసులుబాటు ఇచ్చింది. ఈ వివాదం మొత్తంలో మెచ్చుకోదగిన అంశం ఇదే. కాదనే హక్కు ఇచ్చారు, కారణం మాత్రం అడిగారు. మన దగ్గర పుస్తకంపై వివాదం రేగితే ధర్నాతో మొదలై దాన్ని ఉపసంహరించుకోవడంతో ముగియడమే ఎక్కువ.

చర్చలను నిలిపివేయడానికి ఫెడరల్‌ న్యాయమూర్తి నిరాకరించారు. ఆగస్టు 19న అప్పీలు కోర్టు కూడా అదే మాట చెప్పింది. చర్చలు జరగాల్సిన రోజూ అదే. విద్యార్థులు ముందుగా నిర్ణయించినట్లే బృందాలుగా కూర్చొని చర్చించారు.

మరుసటి ఏడాది మతం ఊసులేని పుస్తకాన్ని ఎంచుకున్నా గొడవ తప్పలేదు. తక్కువ కూలి పనుల్లో స్వయంగా చేరి, ఆ జీతంతో బతకడం సాధ్యమేనా అని పరీక్షించిన బార్బరా ఎరెన్‌రైక్‌ రచన ‘నికెల్‌ అండ్‌ డైమ్డ్‌’ అది. ఈసారి అభ్యంతరం రాజకీయమైనది. పుస్తకం ఒకవైపే మొగ్గిందని కొందరు విద్యార్థులు, శాసనసభ్యులు ఆరోపించారు. దానిపైనా చర్చలు జరిగాయి.