ఎర్ర గీత లోపల ఇల్లు

సోమవారం పొద్దున నేను కాఫీ తాగుతుంటే మా అమ్మాయి ఫోన్ తెచ్చి ముందు పెట్టింది. "నాన్నా, గురువారం సాయంత్రం బయటికెళ్లే పనులేం పెట్టుకోకండి" అంది. తెర మీద అమెరికా పటం. ఉత్తర టెక్సస్ నుంచి ఓక్లహోమా దాకా పసుపు రంగు పులిమి ఉంది. డాలస్ పక్కన అమ్మాయి వాళ్లుండే, ఇప్పుడు నేనూ ఉన్న ఫ్రిస్కో ఆ పసుపులోనే ఉంది. కిటికీలోంచి చూస్తే ఎండ ఫెళ్లున కాస్తోంది. మబ్బు తునక లేదు.

నేను బందరు తీరంలో పుట్టినవాణ్ని. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అనే వరస రేడియోలో వింటూ పెరిగాం. పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో కనుక్కుని, పడవలు ఒడ్డుకు లాగాలా, ఊరు ఖాళీ చెయ్యాలా అని పెద్దలు మాట్లాడుకునేవారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేశాక మా వైపు ఆ నంబర్లను తేలిగ్గా తీసుకున్నవాళ్లు లేరు. తుపానుకు ఒక దారి ఉంటుంది, తీరం దాటే వేళ ఉంటుంది. రోజుల తరబడి దాని వెంట ఉపగ్రహం కన్ను ఉంటుంది. టోర్నడో అలా కాదు. పుట్టడం, ఊరి మీద పడటం, మాయమవడం చాలాసార్లు పావుగంటలోపే ముగిసిపోతాయి. దాని వెడల్పు తరచూ మన ఊళ్లో ఒక వీధి అంత. అలాంటిదాని గురించి నాలుగు రోజుల ముందు ఎవరు, ఏం చూసి చెబుతున్నారు? ఆ వారమంతా నాకు ఇదే ధ్యాస.

ఆ పసుపు రంగు వేసేది ఓక్లహోమా రాష్ట్రం నార్మన్‌లోని స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్. దేశం మొత్తానికి ఉరుముల గాలివానల సూచనలు అక్కడి నుంచే వస్తాయి. ఎనిమిది రోజుల ముందు నుంచే పటం గీస్తారు. రోజు దగ్గరపడేకొద్దీ తీవ్రత ఒకటి నుంచి ఐదు మెట్లలో చెబుతారు: ముదురు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, చివరికి గులాబీ కలిసిన ఊదా. ఆ చివరి రంగు ఏడాది మొత్తంలో ఎప్పుడో కాని కనిపించదు. పక్కనే శాతాలు కూడా ఇస్తారు. టోర్నడోకి 10 శాతం అని రాసి ఉంటే మనవాళ్లు "అంతేనా!" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక చోటుకు నలభై కిలోమీటర్ల లోపల టోర్నడో పుట్టే అవకాశం మామూలు రోజున ఒక శాతం కూడా ఉండదు. అక్కడ 10 అంటే భయపడాల్సిన అంకె.

ఒకప్పుడు ఈ దేశంలో టోర్నడో అనే మాటే సూచనల్లో వాడనిచ్చేవారు కాదంటే నమ్మబుద్ధి కాదు. 1880లలో జాన్ పార్క్ ఫిన్లే అనే సైనిక వాతావరణ ఉద్యోగి వందల టోర్నడోల వివరాలు పోగేసి, ముందే చెప్పవచ్చని ప్రయత్నించాడు. జనం భయపడి చెల్లాచెదురవుతారని, అసలు గాలి కంటే ఆ మాటే ఎక్కువ నష్టం చేస్తుందని పైవాళ్లు దాన్ని నిషేధించారు. 1925 మార్చి 18న మిస్సోరి, ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రాల మీదుగా మూడున్నర గంటల పాటు సాగిన టోర్నడో 695 మందిని చంపింది. వాళ్లలో ఎవరికీ ముందస్తు కబురు లేదు. జనం బెదురుతారన్న సాకు మీద నాకు ఉన్న కోపం ఈ అంకె చూశాక రెట్టింపైంది.

ఆ మౌనం బద్దలైంది ఒక వైమానిక స్థావరంలో. 1948 మార్చి 20 రాత్రి ఓక్లహోమా సిటీ పక్కన టింకర్ స్థావరం మీద టోర్నడో పడి విమానాలను నుగ్గు చేసింది. కోటి డాలర్ల నష్టం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కెప్టెన్ రాబర్ట్ మిల్లర్ మామూలు ఈదురుగాలులనే రాశాడు. విచారణకు వచ్చినవాళ్లు దీన్ని ఎవరూ ఊహించలేరని తేల్చేశారు. స్థావరాన్ని నడిపే జనరల్ మాత్రం ఒప్పుకోలేదు. ఊహించవచ్చో లేదో చూడమని మిల్లర్‌నీ, అతని పైఅధికారి మేజర్ ఎర్నెస్ట్ ఫాబుష్‌నూ పురమాయించాడు. ఇద్దరూ పాత టోర్నడోల రోజుల వాతావరణ పటాలు ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నారు. 25వ తేదీ పొద్దున పటం చూస్తే 20 నాటిదే మళ్లీ గీసినట్టుంది. ఐదు రోజుల్లో ఒకే చోట రెండుసార్లా? అలా చెబితే ఉద్యోగాలుంటాయా? జనరల్ సూటిగా అడిగేసరికి మధ్యాహ్నం కాగితం మీద పెట్టారు. విమానాలను హ్యాంగర్లలోకి తోశారు. సాయంత్రమవుతున్నా ఏమీ కాకపోయేసరికి మిల్లర్ తల దించుకుని ఇంటికెళ్లాడు. ఇంట్లో రేడియో టింకర్‌లో టోర్నడో అంటుంటే, పాత కబురే మళ్లీ చదువుతున్నారనుకున్నాడట. అది కొత్త కబురే. 1950లో ప్రభుత్వ వాతావరణ శాఖ ఆ పాత నిషేధాన్ని ఎత్తేసింది.

మిల్లర్, ఫాబుష్ ఆ పటంలో చూసినవే సూచనలు రాసేవాళ్లు ఈరోజుకీ చూస్తున్నారు. మెక్సికో సింధుశాఖ నుంచి నేల మీదుగా పాకే ఉక్కపోత గాలి. పడమటి ఎడారి వైపు నుంచి పొడి గాలి. పైన చల్లగాలి. ఎత్తు పెరిగేకొద్దీ దిక్కూ, వేగమూ మార్చుకునే గాలులు. ఇవన్నీ ఒకచోట చేరినా గాలివాన వచ్చి తీరాలని లేదు. ఉక్క గాలి మీద ఒక వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది. కుక్కర్ మూతే అనుకోండి. పగలంతా లోపల ఆవిరి పేరుకుంటుంది. మూత లేవకపోతే ఆ రోజు నీలాకాశంతోనే గడిచిపోతుంది, "ఈ వాతావరణంవాళ్లు ఊరికే బెదిరిస్తారు" అని జనం అనుకుంటారు. సాయంత్రం ఎక్కడో ఒకచోట మూత ఎగిరితే, గంటలోపే మబ్బు పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పొంగుతుంది. మారే గాలులు దాన్ని మెలి తిప్పుతాయి. ఆ మూత సంగతి తెలుసుకోవడానికే రోజుకు రెండుసార్లు బెలూన్లు ఎగరేస్తారు. అనుమానం ఉన్న రోజున మధ్యాహ్నం మరొకటి వదులుతారు. గురువారం వదిలారు. పొద్దున నారింజలో ఉన్న మా ఊరు అప్పటికి ఎరుపులోకి వచ్చింది.

మూడున్నరకు ఫోన్లలో "టోర్నడో వాచ్" వచ్చింది, రాత్రి పది దాకా. ఇక్కడి మన తెలుగువాళ్లు చాలామంది తడబడేది వాచ్, వార్నింగ్ మాటల దగ్గరే. వాచ్ అంటే కనిపెట్టుకుని ఉండమని. ఎన్నో జిల్లాలకు కలిపి, ఆరేడు గంటలకు ఇస్తారు. వార్నింగ్ అంటే దాక్కోమని, ఇప్పుడే. అది స్థానిక వాతావరణ కార్యాలయం ఇస్తుంది. రాడార్ మీద సుడి కనబడో, కళ్లతో చూసినవాళ్లు చెప్పో ఇస్తారు. 2007 నుంచి దాన్ని జిల్లా మొత్తానికి కాకుండా, గాలివాన వెళ్లే దారి మేరకు గీత గీసి ఇస్తున్నారు. మన దగ్గర హెచ్చరిక అనే ఒక్క మాటతో రెండూ చెప్పేస్తాం. అందుకే ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పిల్లలు ఈ తేడా ముందే తెలుగులో విడమరిచి చెప్పాలి. వైఫై మీదే నడిచే ఫోనుకు ఆ అత్యవసర మోత రాదు, అది సెల్ టవర్ నుంచి వచ్చేది. ఇదీ చెప్పాలి. నెలనెలా మొదటి బుధవారం మధ్యాహ్నం ఊరంతా సైరన్లు పరీక్షిస్తారు. అవి ఆరుబయట ఉన్నవారి కోసం పెట్టినవి. తలుపులేసుకుని ఏసీలో నిద్రపోయేవాళ్లను లేపుతాయని నమ్ముకోకూడదు.

ఆ సాయంత్రం మా అల్లుడు రాడార్ తెరిచి నాకు చూపించాడు. వాన పటంలో గాలివాన నైరుతి మూలన చిన్న కొక్కెంలా ఒంపు తిరిగి ఉంది. 1953లో ఇల్లినాయ్‌లో మొదటిసారి చిక్కిన ఆకారమిది. రెండో పటం గాలి వేగాలది. రాడార్ వైపు వచ్చే గాలి ఆకుపచ్చ, దూరంగా పోయేది ఎరుపు. ఆ రెండూ వేలెడంత దూరంలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే మబ్బు లోపల తిరుగుడు ఉన్నట్టు. మూడోదాన్ని చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. వాన చినుకులన్నీ ఇంచుమించు ఒకే రూపంలో ఉంటాయి కాబట్టి ఆ పటం అంతా ఒకే రంగులో కనబడుతుంది. కొక్కెం మొనలో వేరే రంగు చుక్క పుడితే, గాలిలో ఉన్నవి చినుకులు కావు. చెక్కలు, రేకులు, ఇంటి గోడల్లో కూరిన దూది. 2013కల్లా దేశంలోని రాడార్లన్నిటికీ ఈ కొత్త చూపు వచ్చింది. ఎవరిదో ఇల్లు పోతోందని, ఆ చుక్క అది పోతుండగానే చెబుతుంది.

వార్నింగ్‌కూ దెబ్బకూ మధ్య దొరికేది సగటున పది నిమిషాల చుట్టూ. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్‌లో టోర్నడో నేలను తాకడానికి 16 నిమిషాల ముందే చెప్పారు. అయినా 24 మంది పోయారు, వారిలో ఏడుగురు ఒకే బడి పిల్లలు. మిస్సోరిలోని జాప్లిన్‌లో 2011 మే 22న మొదటి సైరన్ ఇరవై నిమిషాలకు పైగా ముందే మోగింది. చాలామంది దాన్ని విని, కిటికీలోంచి చూసి, టీవీ పెట్టి, రెండో కబురు కోసం ఆగారు. ఆ రోజు మృతులు 158 మంది. వాళ్లను తప్పు పట్టలేను. ఇచ్చిన వార్నింగుల్లో పదింట ఏడు దాకా టోర్నడో లేకుండానే ముగుస్తాయి. ఏళ్లతరబడి మోగి ఊరుకున్న సైరన్‌ను ఇంకోసారి నమ్మి లేవడం చిన్న పని కాదు. అయినా లేవాల్సిందేనని నా మనసు చెబుతోంది. ఆ ఏడింటిలో చాలాసార్లు మబ్బులో సుడి ఉన్నది నిజం, అది నేల దిగలేదంతే.

కార్లో పారిపోదామనుకోవడం ఇంకా ప్రమాదం. 2015 డిసెంబరు 26 రాత్రి డాలస్ పక్కన గార్లండ్‌లో పదిమంది చనిపోతే ఎక్కువమంది హైవే కూడలిలో కార్లలో ఉన్నవారే. 2013 మే 31న ఎల్‌రీనోలో నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పున విస్తరించిన టోర్నడో, జీవితమంతా టోర్నడోలను కొలిచిన టిమ్ సమారస్ బృందాన్నే కారుతో సహా చుట్టేసింది. దీనికి భిన్నంగా 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి డాలస్ ఉత్తర భాగంలో ఇళ్లూ బడులూ కూలినా ఒక్క ప్రాణం పోలేదు. ఆ రాత్రి ఒక టీవీ చానల్ హెచ్చరిక కోసం ఫుట్‌బాల్ మ్యాచ్ ఆపకుండా కొన్ని నిమిషాలు నడిపి, తర్వాత క్షమాపణ చెప్పింది.

డాలస్ ఇళ్లకు సాధారణంగా నేలమాళిగలుండవు. ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకని కింది అంతస్తులో, బయటి గోడలకు దూరంగా, కిటికీ లేని గది చూసుకోవాలి. మావాళ్లకది మెట్ల కింద సామాన్ల గది. ఏడింటికే అమ్మాయి అందులోంచి సూట్‌కేసులు బయటపడేసి దుప్పట్లు, నీళ్ల సీసాలు, టార్చి, పాస్‌పోర్టులు పెట్టింది. నేను చెప్పులతో రాబోతే ఆపింది. "చెప్పులు కాదు నాన్నా, బూట్లు. ఇల్లు కూలితే గాజుపెంకులూ మేకుల మీదే నడవాలి." మా మనవడు తన సైకిల్ హెల్మెట్ తెచ్చి వాళ్ల అమ్మమ్మ తలకు పెట్టబోయాడు. కొప్పు అడ్డొచ్చింది. ఆవిడ మారు మాట్లాడకుండా కొప్పు విప్పి జడ వేసుకుని పెట్టుకుంది.

ఎనిమిదీ నలభైకి నాలుగు ఫోన్లూ ఒక్కసారి గీపెట్టాయి. మ్యాపులో ఎర్ర గీత, దాని దక్షిణపు అంచుకు కాస్త లోపల మా వీధి. ఐదుగురం లోపల సర్దుకున్నాం. వడగళ్లు కప్పు మీద రాళ్లు గుమ్మరించినట్టు పడ్డాయి. కరెంటు పోయింది. తర్వాత వానా ఆగి, గాలీ ఆగి, ఏమీ వినబడని ఒకటి రెండు నిమిషాలు గడిచాయి. అల్లుడు రాడార్ నుంచి కళ్లెత్తలేదు. "ఉత్తరంగా పోతోంది మామయ్యా" అన్నాడు చివరికి.

మేం ఇంకా లేవలేదు. అమ్మాయి అప్పటికే కొత్త గీత చూస్తోంది. అది మెకిన్నీ దాటి తూర్పున ఉన్న ఊళ్ల మీదికి జరిగింది. అక్కడ ఆమెకు తెలిసినావిడ ఒకరు ఉన్నారు, పొద్దున్నే డ్యూటీ ఉంటుంది కాబట్టి తొందరగా పడుకుంటారట. అమ్మాయి నంబరు నొక్కింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. నాలుగో రింగుకు అవతల నిద్రమత్తులో గొంతు వినిపించింది.

"అక్కా, లేవండి. పిల్లల్ని తీసుకుని కిందికి దిగండి. బూట్లు వేసుకోండి. ఫోన్ పెట్టెయ్యకండి, నేను లైన్లోనే ఉంటాను."