సంగీతోపజీవులు - పరస్పరసహాయము

దసరా దినములలో ప్రొద్దుటూరున వాద్యఘోష మిన్నుముట్టును. జమ్మలమడుగున నారాపుర వేంకటేశ్వరస్వామి యుత్సవమును సన్నాయి లేక యెవ్వరును ఊహింపజాలరు. కాని ఆ సన్నాయి నూదినవారు, ఆ డోలు వాయించినవారు ఆషాఢమాసమున నేమి తినుచున్నారని యడిగినవారెందఱు? ఆ మాసమున పెండ్లిండ్లు లేవు. మూఢము వచ్చెనేని ముహూర్తములే లేవు. మంగళవాద్యకారుని సంపాదనము పంచాంగముపై నాధారపడియున్నది. ఆకలి మాత్రము తిథివారనక్షత్రముల నెఱుగదు.

“విద్య నమ్ముకొనవచ్చునా? త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో జీవింపలేదా?” యని కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. త్యాగయ్యగారు దానిని తమ నియమముగా నెన్నుకొనిరి. ఒక మహనీయుడు స్వయముగా స్వీకరించిన వ్రతమును వేఱొకని బిడ్డలపై రుద్దుట ధర్మము కాదు.

కళాకారులు ఒకరినొకరు పోషించుకొనుట మన సీమకు క్రొత్త గాదు. 1885లో ఈ కడప జిల్లాయందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారును వారి బంధువులును కీచకవధ నాటకమాడిరి. అవి అంతకుముందు తోలుబొమ్మల నాడించుచు ఊరూర తిరిగిన కుటుంబములు. నాటినుండి వారికి నాటకసమాజమే యిల్లు, ఇల్లే నాటకసమాజము. ఒకరు హార్మోనియము పట్టుదురు, కోడలు ద్రౌపది వేషము వేయును, మనుమడు ప్రహ్లాదుడగును, రంగమున నిలువలేని వృద్ధుడు తెర లాగును. వేషము లేనివానికి పనియుండును. పనిచేయలేనివానికి బంతిలో విస్తరి యుండును. స్త్రీవేషములు పురుషులే వేయుచుండిన కాలమున స్త్రీలను రంగమెక్కించిన కీర్తియు వారిదే. బంధుత్వమే వారి బీమాపత్రము.

అయినను బంధుత్వమునకు హద్దు గలదు. ఆటలు నిలిచిననాడు ఇంటిల్లిపాదికి ఒక్కమాఱే ఆదాయము నిలుచును. చలనచిత్రములు, పిదప దూరదర్శనము వచ్చి ప్రేక్షకులను లాగికొనగా సురభి సమాజముల సంఖ్య క్షీణించెను. ఇక అట్టి సమాజమైనను లేని ఒంటరి వాద్యకారుని మాట చెప్పనేల? 2020లో కరోనా వ్యాధిచే నాటకశాలలు, తిరునాళ్ళు, పెండ్లిపందిళ్ళు ఒక్కసారిగా మూతపడినపుడు దాతల బియ్యపుమూటకై యెదురుచూచిన కళాకారులెందఱో! దాతలను మేము తప్పుపట్టుటలేదు. చేయిచాచి పుచ్చుకొనుటకును, తాను దాచిన పాలు తాను తీసికొనుటకును గల భేదమును మాత్రము మనవిచేయుచున్నాము.

ఈ భేదమును లండను వాద్యకారులు రెండువందల యెనుబది సంవత్సరములకు పూర్వమే గ్రహించిరి. అచట కిచ్ అను నొక ఓబో విద్వాంసుడుండెను. ఓబో రెండు పీకల వాద్యము, మన సన్నాయికి దూరపు చుట్టము. అతడు పేరుగాంచియు పేదఱికమున మరణించెను. అతని యనాథబాలురు వీధిలో పాలగాడిదలను తోలుకొనిపోవుట చూచి తోడి వాద్యకారులు మువ్వురు చలించిరని చెప్పుదురు. నాలుగు కాసులు చేతబెట్టి వారు తృప్తిపడలేదు. 1738లో, శక్తియుడిగిన వాద్యకారులకును వారి కుటుంబములకును ఒక నిధి వెలసెను. స్వరకర్త హాండెల్ అందు స్థాపకసభ్యుడు. 1759లో గతించుచు 1,000 పౌనులు ఆ నిధికి మరణశాసనమున వ్రాసియిచ్చెను. 1790లో దానికి రాజశాసనపత్రము లభించెను. ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది. దోషము లేకపోలేదు. అందు స్త్రీలకు చోటు లేనందున 1839లో గాయకురాండ్రు వేఱు సంఘము స్థాపించుకొనవలసివచ్చెను; 1866లోగాని రెండును కలియలేదు. సురభి పూరిపందిరి ఈ విషయమున లండనుకంటె ముందడుగు వేసినదనుట అతిశయోక్తి గాదు.

వియన్నా నగరమున 1771లో గాస్మన్ అను స్వరకర్త, విద్వాంసుల వితంతువులకును అనాథలకును ఇట్టిదే సంఘము నేర్పరచెను. దాని సహాయార్థము మోజార్ట్ స్వయముగా కచేరీలయందు పాల్గొనెను. 1785లో సభ్యత్వమునకు దరఖాస్తు పెట్టెను. పుట్టుకను దెలుపు పత్రము జతపఱుపలేదు. 1791లో ఆయన మరణించునాటికిని దరఖాస్తు తేలలేదు. భార్య చక్రవర్తికి విజ్ఞాపనము వ్రాసికొని కొలదిపాటి భరణము సంపాదించెను. అది ప్రభువు దయ. సంఘమునుండి వచ్చియుండినచో అది ఆమె హక్కు.

ఈ మూడు చరిత్రలనుండి మనము గ్రహింపవలసినది స్పష్టము. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల వాద్యకారులు, హరిదాసులు, నాటకములవారు కలిసి ఒక నిధి నేర్పరచుకొనవలెను. చందా కొలదిగా నుండవచ్చును గాని క్రమముగా నుండవలెను. రోగమునకు, వార్ధక్యమునకు, వైధవ్యమునకు, వాద్యము చెడినపుడు బాగుచేయించుటకు ఎవరికెంతయో ముందే వ్రాసియుంచవలెను. స్త్రీలకు తొలినాటినుండి సమానస్థాన ముండవలెను. కాగితము లేదను నెపమున నెవ్వరిని త్రోసిపుచ్చరాదు. తోడివాద్యకారు లిద్దఱి సాక్ష్యము చాలును. ఏటేట లెక్క సభలో బిగ్గరగా చదువవలెను. రసికులైన ధనికులు హాండెల్ వలె నిధికి ఇత్తురుగాక. పెత్తనము మాత్రము చందాదారులదే కావలెను.

ముహూర్తములు ముమ్మరముగానుండు మాఘఫాల్గుణములలోనే ఈ పని కారంభము జరుగవలెను. ఆషాఢమున నారంభించిన నిధి ఆ ఆషాఢమునకు అక్కఱకు రాదు.