పెరటి నీడలో కంద సాగు

మన గ్రామములలో ఇంచుమించు ప్రతి యింటి వెనుకను కొంత నీడ కలదు. కొబ్బరిచెట్టు క్రిందనో, అరటి బోదెల నడుమనో, గోడ ప్రక్కనో ఉన్న ఆ కొద్దిపాటి చోటును మనము సాధారణముగా లెక్కలోనికి తీసికొనము. వంగయో మిరపయో అచట నాటినచో మొక్క సన్నగా సాగి, పూత నిలువక రాలిపోవును. "ఈ నీడలో ఏమి పండును?" అని ఆ చోటును పాత కుండలకు, విరిగిన సామానులకు విడిచిపెట్టుచుందురు. అట్టి నీడలోనే పెరిగి, ఎనిమిది తొమ్మిది నెలలలో ఇంటిల్లిపాదికి కూర నిచ్చు పంట యొకటి మనకు తరతరములుగా తెలిసియే యున్నది. అది కంద. సెంటు భూమి లేని కుటుంబమునకు సైతము ఈ పంట సాధ్యమే. కాని దానికి అడ్డుగా నున్నది భూమి కాదు, విత్తనము. ఈ విషయమున పంచాయతీ సభ్యులు చేయగల సహాయము చాల కలదు. దానిని గూర్చి ఇచట వివరింపదలచినాము.

ఎట్టి నీడ కావలెను?

కంద చేమజాతికి దగ్గరి చుట్టము. పైకి కాండమువలె కనిపించునది నిజమునకు ఆకుకాడ. దాని కొనయందు ఒకే ఆకు అనేక చీలికలుగా గొడుగువలె విచ్చుకొనును. ఆ ఆకు తయారుచేసిన ఆహారమంతయు భూమిలోని దుంపను చేరును. ఆకు విశాలమైనది గనుక చెట్ల సందులనుండి జారిపడు వెలుతురును కూడ వినియోగించుకొనగలదు. గోదావరి ప్రాంతమున కొబ్బరి, అరటి తోటలలోను, కేరళలో కొబ్బరి, పోక తోటలలోను దీనిని అంతర పంటగా వేయుటకు కారణమిదియే.

అయినను నీడ యనగా చీకటి కాదు. మధ్యాహ్నవేళ నేలపై ఎండ చుక్కలు చుక్కలుగా పడుచుండు తావు కందకు అనుకూలము. దట్టమైన చింతచెట్టు మొదట నాటినచో కాడ పొడవుగా సాగును గాని దుంప ఊరదు. ఆరుబయట పొలములో వచ్చునంత దిగుబడి నీడలో రాదన్న మాటయు నిజమే. పొలములో మంచి యాజమాన్యము క్రింద ఎకరమునకు 12 మొదలు 16 టన్నుల వరకు పండును. పెరటిలో మనము ఆశించునది వ్యాపారము కాదు, ఇంటి కూర. ఊరక పడియున్న చోటునుండి వచ్చునది ఎంతయైనను లాభమే.

విత్తనపు ముక్కలు

కంద దుంప నడినెత్తిన ప్రధానమైన మొగ్గ యుండును. దుంపను కోయునపుడు ప్రతి ముక్కకును ఆ మొగ్గలో కొంత భాగము వచ్చునట్లు పైనుండి క్రిందికి నిలువుగా కోయవలెను. మొగ్గ భాగము లేని ముక్క ఆలస్యముగా మొలచును, లేదా కుళ్లిపోవును. ముక్క అరకిలో బరువుండుట మంచిది. కోసిన ముక్కలను చిక్కని పేడనీటిలో ముంచి, నీడలో ఆరబెట్టి నాటవలెను. కిలో విత్తనమునకు 5 గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా పొడిని ఆ పేడనీటిలో కలిపినచో కుళ్లు తెగులు తగ్గును.

రకములలో "గజేంద్ర" మన ప్రాంతమునకు గర్వకారణమైనది. గోదావరి ఒడ్డునున్న కొవ్వూరు ప్రాంతపు స్థానిక కంద నుండి దీనిని ఎంపికచేసిరి. దురద లేని దుంప గనుక ఇతర రాష్ట్రములకును వ్యాపించినది. దుంప పంటల పరిశోధనకై 1963లో తిరువనంతపురము సమీపమున శ్రీకార్యములో స్థాపింపబడిన కేంద్ర పరిశోధనా సంస్థ, విత్తనము మిగుల్చుటకు 100 గ్రాముల చిన్న ముక్కలను దగ్గర దగ్గరగా నాటు పద్ధతిని రూపొందించినది. ఈ ముక్కలనుండి వచ్చు చిన్న దుంపలు మరుసటి యేటికి కోయ నవసరము లేని విత్తనముగా ఉపయోగపడును.

పెరటిలోను, సంచిలోను

వైశాఖ, జ్యేష్ఠ మాసములు నాటుటకు తగిన కాలము. మూడడుగుల ఎడముతో, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల గుంటలు తీయవలెను. పైమట్టిలో రెండు కిలోల చివికిన పశువుల ఎరువు, కొంచెము బూడిద కలిపి నింపి, మొగ్గ పైకి ఉండునట్లు ముక్కను పెట్టి మట్టి కప్పవలెను. పైన ఎండుటాకులు పరచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును. మొలక వచ్చుటకు నెల దినములు పట్టవచ్చును. తొందరపడి త్రవ్వి చూడరాదు.

నేల లేనివారు గోనెసంచిలోనో, పాత డ్రమ్ములోనో, పగిలిన గాబులోనో పెంచవచ్చును. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు పశువుల ఎరువు కలిపి నింపిన చాలును. పాత్ర అడుగున రంధ్రము లుండుట తప్పనిసరి. చోటు తక్కువ గనుక పావుకిలో ముక్క చాలును. దుంపయు చిన్నదిగానే యుండును. సంచిలోని మట్టి త్వరగా ఆరును గనుక వానలు లేని దినములలో నీటిని మరువరాదు.

కందకు తేమ కావలెను గాని నిలువ నీరు పనికిరాదు. అంట్లు కడిగిన నీరు నిలిచి బురదగా నుండు చోట మొక్క మొదలు కుళ్లి పడిపోవును. అట్టి మొక్కను దుంపతో సహా తీసివేయవలెను. ఆకుపై పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలిసి ముడుతలుపడు మొజాయిక్ తెగులు సోకిన మొక్క నుండి విత్తనము తీయరాదు.

ఆకు వాలినపుడు

పెక్కు యిండ్లలో మేము చూచిన పొరపాటు ఒకటి కలదు. చలికాలము వచ్చుసరికి కంద ఆకు పసుపుబారి నేలకు వాలును. మొక్క చచ్చినదని తలచి కొందరు నీరు మరింత పోయుదురు, దుంప కుళ్లును. మరికొందరు సంచిని చెత్తకుప్పపై బోర్లింతురు. నిజమునకు అది చావు కాదు, నిద్ర. పంట చేతికి వచ్చినదని మొక్క తెలుపు గుర్తు. అప్పుడు నీరు మాని, ఆకు పూర్తిగా ఎండిన పిమ్మట గాయము తగులకుండ త్రవ్వవలెను. గాయపడినది ముందు వండుకొని, గాయము లేనిది విత్తనమునకు ఉంచవలెను. గాలి తగులు నీడపట్టున ఒక వరుసగా పరచి ఉంచినచో దుంప రెండు మూడు నెలలు నిద్రించి తిరిగి మొగ్గ తొడుగును.

దురద సంగతి

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అన్న సామెత మన మెరిగినదే. దుంపలో కాల్షియం ఆక్జలేట్ అను పదార్థము సూదులవంటి స్ఫటికములుగా నుండి చర్మమునకు, నాలుకకు గ్రుచ్చుకొనుటయే దురదకు కారణము. చేతులకు నూనె రాచుకొని తరుగుట, చింతపండు వేసి మెత్తగా ఉడికించుట మన ఇల్లాండ్రు ఎరిగిన ఉపాయములు. ఆవ పెట్టిన కంద బచ్చలి కూర గోదావరి వారి పెండ్లి విందులలో ప్రసిద్ధము. పచ్చి కందను ఎవరును తినరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను. మూత్రపిండములలో రాళ్లున్నవారు వైద్యుని సలహా పొందుట మంచిది.

పంచాయతీ చేయదగినది

ఈ పంటలో ఖర్చంతయు విత్తనమునందే యున్నది. గింజ పంటలలో గుప్పెడు విత్తనము మడి నింపును. కందలో అరకిలో నాటిన రెండు మూడు కిలోలు వచ్చును. పేద కుటుంబము పండిన దంతయు తినివేసినచో మరుసటి యేటికి విత్తనము లేదు. కావున గ్రామమునకు ఒక విత్తనపు నిధి అవసరము.

లెక్క యొకటి చూడుడు. పది కుటుంబములకు అయిదేసి ముక్కలు ఇచ్చుటకు 25 కిలోల విత్తనము చాలును. ఒక్కొక్క మొక్కకు రెండు కిలోలే పండినను, ప్రతి యింటికి పది కిలోలు వచ్చును. అందులో అయిదు కిలోలు ఇంటికి, అయిదు కిలోలు నిధికి. తిరిగి వచ్చిన 50 కిలోలతో రెండవ యేట ఇరువది కుటుంబములకు, మూడవ యేట నలువది కుటుంబములకు ఇవ్వవచ్చును. ఒకసారి తెచ్చిన విత్తనము చాలును.

ఇందులకు మూడు పనులు చేయవలెను. చలికాలపు త్రవ్వకముల సమయముననే తెగులు లేని తోటనుండి విత్తనము కొనవలెను. పాఠశాల ఆవరణమునందో, పంచాయతీ స్థలమునందో పలుచని నీడలో చిన్న మడి వేసి, ఎవరి పంటయైన చెడినచో పూరించుటకు కొంత విత్తనము నిలువయుంచవలెను. ఎవరికి ఎన్ని ముక్కలు ఇచ్చినది, ఎన్ని కిలోలు తిరిగి వచ్చినది పుస్తకమున వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలెను. పంట చెడిన కుటుంబమును బాకీదారుగా చూడక, మరొక యేడు అవకాశ మీయవలెను. మొదటి పేర్లు భూమి లేని కుటుంబములవై యుండుట న్యాయము.

వైశాఖమునకు ముందు జరుగు సమావేశములో ఈ విషయమును చర్చకు తెచ్చి, మొదటి పది కుటుంబముల పేర్లు నిర్ణయింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.